మొటిమలకు మీరే కొనుక్కునే మందులు – సున్నితమైన చర్మం గలవారు తెలుసుకోవలసిన సంగతులు

షుగరు గురించో, బి.పి. గురించో రాస్తే ఇంటిల్లిపాదీ చదువుతారు గాని, మొటిమలు అనగానే "ఇది కూడా ఒక జబ్బేనా, వయసు దాటితే అదే పోతుంది" అని పెద్దలు పేజీ తిప్పేస్తారు. ఈసారి మాత్రం తిప్పవద్దని కోరుతున్నాము. మా దగ్గరకు ముఖం చూపించుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇబ్బంది మొటిమ వల్ల కాదు, మొటిమకు రాసిన మందు వల్ల. లింగంపేట నుండి ఎల్లారెడ్డికో, కామారెడ్డికో బస్సులో కాలేజీకి పోయే ఆడపిల్ల ముఖానికి చున్నీ చుట్టుకుని కూర్చున్నదంటే అన్నిసార్లూ అది దుమ్ము కోసమే అనుకోకూడదు. మగపిల్లలు చున్నీ చుట్టుకోలేరు గనుక పెళ్ళిళ్ళకూ పండుగలకూ రావడమే మానేస్తారు.

మొటిమ ఎట్లా వస్తుంది?

మన చర్మంలో వెంట్రుక మొదలు దగ్గర చిన్న చిన్న నూనె గ్రంథులు ఉంటాయి. యుక్తవయస్సులో హార్మోన్లు పెరిగినప్పుడు ఈ గ్రంథులు జిడ్డును ఎక్కువగా తయారుచేస్తాయి. అదే సమయంలో రంధ్రం లోపలి మృతకణాలు బయటికి రాలిపోకుండా జిడ్డుతో కలిసి బిరడాలాగా అడ్డుపడతాయి. పైన మూసుకుని ఉంటే తెల్లమొన, తెరుచుకుని ఉంటే నల్లమొన అవుతుంది. ఆ నలుపు మట్టి కాదు, ఎంత తోమినా పోదు. లోపల చిక్కుకున్న జిడ్డులో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరిగి వాపు, నొప్పి, చీము కలుగుతాయి. ఈ సూక్ష్మజీవి అందరి చర్మం మీదా ఉండేదే. మొటిమలు ఒకరి నుండి ఒకరికి అంటుకోవు.

కాబట్టి "రక్తం చెడింది" అనే మాటలో నిజం లేదు. రక్తశుద్ధి మందుల సీసాలు ఎన్ని తాగినా జిడ్డు రంధ్రం తెరుచుకోదు. "వేడి చేసింది, మామిడిపండు మానెయ్" అని నానమ్మలు చెబుతారు. తీపి, మైదా పదార్థాలు, పాలు ఎక్కువగా తీసుకునే వారిలో కొందరికి మొటిమలు పెరుగుతాయని పరిశోధనల్లో కనబడింది గాని, పథ్యం ఒక్కటే మొటిమను మాన్పదు. పిల్లను తిండి దగ్గర తిట్టడం వల్ల లాభం లేదు.

తలనూనె విషయంలో మాత్రం పెద్దల అలవాటు మార్చుకోవాలి. నుదురు మీద, చెంపల పక్కన వరుసగా చిన్న చిన్న పొక్కులు ఉంటే ముందు తలకు రాసే నూనె సంగతి అడుగుతాము. నూనె నుదుటి మీదికి జారి రంధ్రాలను మూస్తుంది. తలస్నానానికి ముందు రాసుకుని తరువాత కడిగేసుకుంటే ఆ పొక్కులు చాలావరకు తగ్గుతాయి, ఏ మందూ లేకుండానే.

మీది సున్నితమైన చర్మమేనా?

దీనికి పరీక్షాయంత్రం ఏమీ లేదు. కొత్త సబ్బు రాయగానే ముఖం చురచుర మండడం, ఎండలో పది నిమిషాలు నడిస్తే దురద పెట్టడం, చలికాలంలో బుగ్గలు పొట్టు లేవడం, చిన్నప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక గజ్జి లాంటి దురద తామర ఉండడం, ఇంట్లో ఉబ్బసం, తుమ్ముల అలర్జీ ఉండడం – ఇవి ఉన్నవారు తమది సున్నితమైన చర్మమే అనుకుని జాగ్రత్త పడాలి. జిడ్డు చర్మం గలవారికి సున్నితత్వం ఉండదనుకోవడం పొరపాటు. రెండూ ఒకే ముఖం మీద ఉండవచ్చు.

పుస్తకాలలో "చర్మం ఎర్రబడుతుంది" అని రాసి ఉంటుంది. అది తెల్ల చర్మం చూసి రాసిన మాట. మన చామనఛాయ, నలుపు రంగు చర్మం మీద ఎరుపు అంత స్పష్టంగా కనబడదు. మంట, గరుకుతనం, బిగుసుకుపోయినట్టు ఉండడం, తరువాత మాడినట్టు నల్లబడడం – ఇవే మన గుర్తులు. ఇంకొక ముఖ్యమైన సంగతి, మన చర్మం ఎక్కడ రేగితే అక్కడ నల్లమచ్చ మిగులుతుంది. మొటిమ వారంలో పోతుంది, మచ్చ నెలల తరబడి ఉంటుంది. ఘాటైన మందు రాసి చర్మాన్ని మాడ్చితే ఆ మచ్చ మొటిమ మచ్చ కంటే పెద్దదవుతుంది. "ఘాటు ఎక్కువైతే గుణం ఎక్కువ" అనే లెక్క ముఖం మీద పనికిరాదు.

దుకాణంలో దొరికే సరైన మందులు

మొటిమలకు పూర్వం నుండీ నమ్మకంగా పనిచేస్తున్నది బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది రంధ్రంలోకి ఆక్సిజన్ విడుదల చేసి సూక్ష్మజీవిని చంపుతుంది, అడ్డును కూడా కొంత విడగొడుతుంది. యాంటీబయాటిక్ మందులకు సూక్ష్మజీవులు అలవాటు పడతాయి గాని దీనికి అలవాటు పడవు. ఇది 2.5, 5, 10 శాతం బలాల్లో వస్తుంది. పరీక్షించి చూసినప్పుడు 2.5 శాతం మందు 10 శాతం మందుకు దాదాపు సమానంగానే పనిచేసింది, మంట మాత్రం తక్కువ పెట్టింది. కనుక సున్నిత చర్మం గలవారు ట్యూబు మీద చిన్న అంకె ఉన్నదే అడిగి తీసుకోవాలి. దుకాణంలో 2.5 లేదంటే వేరే చోట చూడండి, 10 తెచ్చుకుని "కొంచెమే రాస్తాను" అనుకోవద్దు. ఇది బట్టల రంగును పోగొడుతుంది. రంగు తువ్వాలు, దిండు గలీబు, చున్నీ అంచు మచ్చలు పడి తెల్లబోతాయి. తెల్ల తువ్వాలు వాడుకోండి.

ఈ మందును వేడి తగలని చోట ఉంచాలి. 2025 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 95 మొటిమల మందులను పరీక్షించిన ఫలితాలను ప్రకటించింది. ఎక్కువ భాగంలో బెంజీన్ అనే హానికర పదార్థం లేదు, లేదా బహు స్వల్పంగా ఉన్నది. కొన్ని రకాలలో ఎక్కువగా ఉన్నందున వాటిని దుకాణాల నుండి వెనక్కు తీసుకున్నారు. మందును చూసి భయపడవలసిన పని లేదు గాని, మే నెలలో రేకుల కింద కిటికీలో పెట్టిన ట్యూబును, తేదీ దాటిన ట్యూబును వాడరాదు.

రెండవది సాలిసిలిక్ యాసిడ్. 2 శాతం లోపు బలంతో ముఖం కడుక్కునే ఫేస్ వాష్‌లలో ఉంటుంది. తెల్లమొనలు, నల్లమొనలు ఎక్కువ ఉన్నవారికి పనికివస్తుంది. రాసి అలాగే వదిలేసే రకం కంటే కడిగేసే రకం సున్నిత చర్మానికి మేలు. ఆస్పిరిన్ మాత్ర పడనివారు దీని జోలికి వెళ్ళరాదు.

మూడవది అడపలీన్. ఇది మంచి మందే. 0.1 శాతం జెల్‌ను అమెరికాలో 2016 జులై నుండి చీటీ లేకుండానే అమ్ముతున్నారు, అందువల్ల అక్కడి బంధువులు పంపిన ట్యూబులు మన ఊళ్ళలోనూ కనబడుతున్నాయి. మన దేశంలో ఇది డాక్టరు చీటీ మీద ఇవ్వవలసిన మందు. మొదటి వారాల్లో పొట్టు లేచి మంట పెడుతుంది, గర్భవతులు వాడరాదు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయికి ఆడపడుచు ప్రేమతో పంపినా సరే, డాక్టరును అడిగిన తరువాతే.

ఎట్లా మొదలుపెట్టాలి?

ఒకేసారి ఒకే మందు. ఫేస్ వాష్ ఒక రకం, క్రీము ఒక రకం, రాత్రికి ఇంకొకటి అని మూడూ ఒకే రోజు మొదలుపెడితే మంట దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

కొత్త మందును మొదటి మూడు రోజులు ముఖమంతా రాయకుండా ఒకటి రెండు చిన్న చోట్ల, దవడ అంచున గాని మొటిమలున్న చిన్న భాగంలో గాని, చాలా కొద్దిగా రాసి చూడాలి. ఇది మా సొంత మాట కాదు. బెంజాయిల్ పెరాక్సైడ్, సాలిసిలిక్ యాసిడ్ ఉన్న మందుల వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చునని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించి, ఈ మూడు రోజుల పద్ధతినే సూచించింది. 1969 నుండి 2013 జనవరి వరకు అటువంటి 131 కేసులు దాని దృష్టికి వచ్చాయి. కోట్లమంది వాడే మందుకు ఇది చిన్న సంఖ్యే. కాని గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడని ఆ ఒక్కరు మన ఇంటివారు కావచ్చు.

మూడు రోజులు ఏమీ కాకపోతే రోజు విడిచి రోజు, రాత్రిపూట వాడండి. ముఖాన్ని చల్లని నీటితో మెత్తగా కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, పదిహేను ఇరవై నిమిషాలు పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద రాస్తే మంట ఎక్కువ. ముఖమంతటికీ కలిపి శనగగింజంత మందు చాలు. కంటి చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కుపుటాల మడతలో రాయవద్దు. మొదటి వారం పది నిమిషాలు ఉంచి కడిగేయడం ఇంకా మంచిది. అది భరించగలిగితే సమయం పెంచుకోవచ్చు. ఆ తరువాత వాసన లేని తేలికపాటి మాయిశ్చరైజర్ రాయాలి. "జిడ్డు ముఖానికి మళ్ళీ క్రీమా సిస్టర్?" అని అడగనివారు లేరు. అవును, క్రీమే. అది లేకపోతే మందును వారం కూడా భరించలేరు. డబ్బా మీద రంధ్రాలను మూయనిది, నాన్ కామెడోజెనిక్, అని రాసి ఉన్నది చూసుకోండి.

బీడీలు చుట్టేవారు, పొలంలో మందు కొట్టి వచ్చినవారు సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే ముఖం ముట్టుకోవాలి. పొగాకు ధూళి అంటిన వేళ్ళతో మందు రాసి, మందు పడలేదని వచ్చినవారిని మేము చూశాము. బోరు నీళ్ళలో సబ్బు నురగ రాకపోతే నురగ కోసం ఇంకా రుద్దుతారు, ముఖం మండుతుంది. అటువంటి చోట సబ్బు మాని, నురగ తక్కువగా వచ్చే మెత్తని ఫేస్ వాష్ రోజుకు రెండుసార్లు చాలు. పగటిపూట ఎండకు గొడుగో, టోపీయో, సన్‌స్క్రీనో తప్పదు. నల్లమచ్చను ముదిరించేది ఎండే.

మొటిమల మందు పనిచేయడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. పూర్తి గుణం చూడాలంటే మూడు నెలలు. అందరూ పది రోజులకే ట్యూబు మార్చేస్తారు. ఆ తొందరే వారిని మేము ఇప్పుడు చెప్పబోయే ట్యూబు దగ్గరకు చేర్చుతుంది.

మంట వేరు, అలర్జీ వేరు. రాసిన చోటే కాస్త చురుక్కుమని, పొడిబారి, పొట్టు లేస్తే అది మందు ఘాటు. రెండు మూడు రోజులు ఆపి, తరువాత రెండు రోజులకొకసారి మొదలుపెట్టవచ్చు. విపరీతమైన దురద, కనురెప్పల వాపు, నీటిపొక్కులు, రాయని చోట కూడా దద్దుర్లు వస్తే అది అలర్జీ. కడిగేసి ఆ మందును మళ్ళీ ముట్టుకోరాదు. నాలుక, పెదవులు వాచినా, గొంతు బిగిసినా, కళ్ళు తిరిగినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.

"పెట్టుకుంటె తగ్గుతది" – ఆ ట్యూబు సంగతి

మా ఓ.పి.లో తరచుగా వినే మాట ఇది: "మొఖమంత మండుతున్నది సిస్టరమ్మా. క్రీము పెట్టుకుంటె తగ్గుతది, ఒక్కరోజు పెట్టుకోకుంటె మళ్ళ ఎర్రగైతది." ఈ మాట వినగానే ట్యూబు చూడకుండానే మాకు సంగతి అర్థమవుతుంది. అది మొటిమల మందు కాదు, స్టెరాయిడ్.

డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి సంగతి చెబుతాము. హాస్టల్లో పక్క మంచం పిల్ల ఇచ్చిన ట్యూబుతో మొదలైంది. వారంలో మొటిమలు అణిగాయి, ముఖం తెల్లబడింది, అందరూ మెచ్చుకున్నారు. అయిపోయినప్పుడల్లా ఖాళీ ట్యూబు చూపించి దుకాణంలో కొత్తది తెచ్చుకున్నది, ఎవరూ చీటీ అడగలేదు. ఎనిమిది నెలలకు మా దగ్గరకు వచ్చేసరికి బుగ్గల మీద సన్నని ఎర్రని నరాలు దారాల్లా కనబడుతున్నాయి, గడ్డం మీద వెంట్రుకలు పెరిగాయి, మొటిమలు మునుపటికి రెండింతలైనాయి. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది. ఇంట్లో సంబంధం మాట్లాడుతున్నారు, తల్లి ఏడుపు ఆపడమే మాకు కష్టమైంది.

ఇది ఒక్క ఊరి కథ కాదు. దేశంలోని 12 వైద్య కేంద్రాలలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాసుకుంటున్నట్టు తేలింది. వారిలో దాదాపు నాలుగోవంతు మంది మొటిమల కోసమే మొదలుపెట్టారు. 392 మందికి దానివల్ల హాని జరిగింది. ఆ హానిలో అన్నిటికంటే ఎక్కువగా కనబడినది మొటిమలు రావడం, ఉన్నవి పెరగడం. ఈ ముఖానికి మన దేశపు చర్మవైద్యులు ఒక పేరు కూడా పెట్టారు, "స్టెరాయిడ్ వల్ల చెడిన ముఖం" అని.

స్టెరాయిడ్ పూత చెడ్డ మందు కాదు. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి వాటికి డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే ఎంతో మేలు చేస్తుంది. అది వాపును అణచివేస్తుంది, అందుకే మొటిమ మొదట మాయమైనట్టు కనబడుతుంది. కాని మొటిమకు మూలమైన అడ్డును తీయదు. ముఖచర్మం పలుచన గనుక మందు లోపలికి ఎక్కువగా ఇంకుతుంది, నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలుచబడుతుంది. సున్నిత చర్మం లేనివారికి కూడా అది సున్నితంగా మారిపోతుంది. తరువాత ఏ మందు రాసినా, ఉత్త నీళ్ళు పోసినా మంటే.

2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. చట్టం ఉన్నా ఆచరణ మీకు తెలిసిందే. కనుక ట్యూబు చదవడం మీరే నేర్చుకోవాలి. డబ్బా మీద నిలువుగా ఎర్రగీత, ఆర్ఎక్స్ అనే గుర్తు ఉంటే అది చీటీ మందు. పెద్ద అక్షరాల పేరు కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. ఏ పేరు చివరనైనా "సోన్", "లోన్", "టసాల్" అని వస్తే – బీటామెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, క్లోబెటసాల్ – మొటిమకు రాయవద్దు. యాంటీబయాటిక్, ఫంగస్ మందు, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీములు ఉన్నాయి, అన్నిటికీ ఒకటే మందు అని ఆర్ఎంపిలు ఇస్తుంటారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్ కలిపినవి ఇంకొక రకం. అవి మంగు మచ్చలకు డాక్టరు కొద్ది వారాలకు మాత్రమే రాసేవి. పెళ్ళికూతురు తెల్లబడడానికి రాసేవి కావు. పదో తరగతి చదివిన పిల్ల ఎవరైనా ఆ చిన్న అక్షరాలు చదవగలదు, ఇంట్లో ఆ పని ఆమెకే అప్పగించండి.

గల్ఫ్ నుండి వచ్చేవారు తెచ్చే పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీముల గురించి కూడా ఒక మాట. మన కామారెడ్డి ప్రాంతంలో గల్ఫ్ పోని ఇల్లు తక్కువ. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చింది. కారణం క్రీములోని పాదరసం. తయారుచేసిన కంపెనీ చిరునామా, పదార్థాల పేర్లు లేని డబ్బాను ఎవరు ప్రేమతో ఇచ్చినా రాయకండి.

ఇంకొకటి, ముఖం మీద పాలిపోయిన మచ్చ ఉండి అక్కడ స్పర్శ తగ్గినట్టు ఉంటే దాన్ని మొటిమ మచ్చ అనుకుని ఏ క్రీమూ రాయకూడదు. డాక్టరు ఇసబెల్ కెర్ గారు 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు వైద్యశాల స్థాపించిన ప్రాంతం మనది. ఆ జబ్బు ఇప్పుడు మాత్రలతో పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితం. స్టెరాయిడ్ పూతతో దాన్ని కప్పిపుచ్చడమే ప్రమాదం.

వంటింటి మందులు

టూత్‌పేస్టు, నిమ్మరసం, వంటసోడా – ఈ మూడూ ముఖానికి వద్దు. నిమ్మరసం రాసి ఎండలోకి పోతే కాలినట్టు మచ్చ పడుతుంది. పసుపు, శనగపిండి పడేవారికి పడతాయి, కాని గట్టిగా నలుగు పెట్టి రుద్దడం మొటిమల ముఖానికి పనికిరాదు. మొటిమ గిల్లడం గురించి వేరే చెప్పనక్కరలేదు, గుంటలు పడిన ముఖాలే చెబుతాయి.

ఎప్పుడు రావాలి?

గట్టి గడ్డల్లాంటి నొప్పి మొటిమలు, గుంటలు పడుతున్న మొటిమలు ఉంటే సొంత మందుతో కాలం గడపకండి. నెలసరి సరిగా రాక, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్న ఆడపిల్లలు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు ముందే రావాలి. కామారెడ్డి, నిజామాబాద్ ప్రభుత్వ బోధనాసుపత్రులలోనూ చర్మవైద్యులను చూడవచ్చు. పిల్ల గదిలోంచి బయటికి రావడం లేదు, తిండి తినడం లేదు అంటే మొటిమలు కొన్నే ఉన్నా తీసుకురండి, వెక్కిరించకండి.

స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాసినవారు ఈ వ్యాసం చదివి భయంతో ఈ రాత్రే ట్యూబు బయట పారేయవద్దు. ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజుల్లోనే ముఖం ఎర్రబడి, వాచి, విపరీతంగా మండవచ్చు. అది భరించలేక మళ్ళీ అదే రాసేవారే ఎక్కువ. ఎట్లా తగ్గించాలో, మధ్యలో మంటకు ఏమివ్వాలో డాక్టరు చెబుతారు. మామూలు చర్మం తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కాని చాలామందికి తిరిగి వస్తుంది. పైన చెప్పిన అమ్మాయి ఆరు నెలల తరువాత పొయ్యి దగ్గర నిలబడగలుగుతున్నది, నరాలు ఇంకా కొద్దిగా కనబడుతున్నాయి. వచ్చేటప్పుడు ఇంట్లో వాడిన ట్యూబులు, సబ్బులు, డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. ఖాళీవైనా, నలిగినవైనా పరవాలేదు, కింద ఉన్న చిన్న అక్షరాలు కనబడితే చాలు.